ఆదోని వీధుల్లో కెమెరాతో: ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ దిగాలి

ఫొటోల కోసం ఆదోని వెళ్తున్నానంటే కర్నూల్లో ఎవరైనా ముందు అడిగేది "కోటకా?" అనే. కోట బాగానే ఉంటుంది. కానీ నేను వెళ్లింది పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగ్ మిల్లుల గోడలు, పాత మండీ వీధులు, మిద్దెలు, రంగు వెలిసిన దుకాణం బోర్డుల కోసం. ఒకప్పుడు రెండో బొంబాయి అనిపించుకున్న ఊరిది. (ఆ పేరు తమదేనని ప్రొద్దుటూరు వాళ్లూ అంటారు. ఆ పంచాయితీ మనకెందుకు.) నూలు వడికే స్పిన్నింగ్ మిల్లులు మూతపడ్డాయి, జిన్నింగ్ మిల్లులకేమో సీజన్‌లోనే చేతినిండా పని. అయినా పత్తి వ్యాపారం ఊరు వదిలి పోలేదు. రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఆదోని యార్డు ఒకటి. కాబట్టి పాడుబడిన గోడల కోసమే వచ్చేవాళ్లకు ఇక్కడ సగం ఊరే కనిపిస్తుంది.

వెళ్లాల్సింది అక్టోబర్ నుంచి ఫిబ్రవరి మధ్య. పత్తి వచ్చేది అప్పుడే. ఎండాకాలంలో యార్డు బోసిపోతుంది, బండరాళ్ల కొండల మధ్య ఊరు కాబట్టి వేడి రాత్రి దాకా తగ్గదు.

కర్నూలు నుంచి ఎమ్మిగనూరు మీదుగా ఆర్టీసీ బస్సు హాయి. సుమారు వంద కిలోమీటర్లు. రైలు మీద మోజుంటే కర్నూలు వాళ్లు డోన్, గుంతకల్లు చుట్టి రావాలి, అంత అవసరం లేదు. బెంగళూరు, ముంబై, చెన్నై వైపు నుంచి వచ్చేవాళ్లకు మాత్రం రైలే మేలు, ముంబై-చెన్నై మెయిన్ లైన్ ఊళ్లోంచే పోతుంది. 1871లో ఈ లైను రాయచూరు దగ్గర బొంబాయి నుంచి వచ్చే లైనుతో కలిసింది. చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో పండిన పత్తికి అలా ఓడరేవుల దాకా దారి దొరికింది. మిల్లులు వెతకాలంటే స్టేషన్ నుంచి నడక మొదలుపెట్టమని అందుకే చెబుతాను.

బస దగ్గరే అందరూ తర్జనభర్జన పడతారు. చాలామంది మంత్రాలయంలో దిగి ఆదోని చూసి వెళ్దామనుకుంటారు. అక్కడ గదులు ఎక్కువ, శుభ్రం కూడా. కానీ గురువారం వస్తే రద్దీకి గది దొరకడమే కష్టం. పైగా పొద్దున్నే బస్సెక్కి ఆదోని చేరేసరికి మంచి వెలుతురు కాస్తా అయిపోతుంది. ఫొటోలే పనైతే ఆదోనిలోనే ఉండండి. బస్టాండ్, శ్రీనివాస భవన్ సర్కిల్ చుట్టుపక్కల మామూలు లాడ్జీలు ఉన్నాయి, నాన్ ఏసీ గది వెయ్యి లోపు దొరుకుతుంది. నేను దిగినదాంట్లో 24 గంటల చెక్అవుట్ అని బోర్డు పెట్టి, పొద్దున తొమ్మిదికే తలుపు కొట్టారు. గట్టిగా అడిగితే బోర్డు పాతదన్నారు. డబ్బు కట్టే ముందే టైము రశీదు మీద రాయించుకోండి. వీధి వైపు గది వద్దు, లారీల హారన్లకు నిద్ర పట్టదు.

తెల్లవారుజామున యార్డుకు వెళ్లడం ఈ ప్రయాణంలో అన్నిటికన్నా గిట్టుబాటయ్యే పని. ఊళ్ల నుంచి వచ్చిన బండ్లు, ట్రాక్టర్లు, బొలెరోలు దిగుతుంటాయి. రైతు తన పత్తి కుప్ప పక్కనే దుప్పటి కప్పుకుని కూర్చునుంటాడు. కొనేవాడు కుప్ప పైన చూడడు. చెయ్యి లోపలికి దూర్చి గుప్పెడు లాగి, వేళ్లతో పోగు సాగదీసి, గింజ కొరికి తేమ చూస్తాడు. ఆ చేతులనే తీయండి, మొహాలు తర్వాత. అడగకుండా కెమెరా ఎత్తితే ధర మాట్లాడుకునేవాళ్లు చిరాకుపడతారు, అది న్యాయమే కదా. ఒక ఏజెంటు దగ్గరకెళ్లి టీ తాగుతూ పని చెప్పుకుంటే ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

జిన్నింగ్ మిల్లు లోపలికి వెళ్లాలంటే యజమాని ఒప్పుకోవాలి, మాస్కు తప్పదు. తోలు రోలర్లు తిరుగుతూ దూదిని లాక్కుంటాయి, గింజ కిందికి రాలిపోతుంది. వంద కిలోల పత్తికి దూది వచ్చేది సుమారు మూడో వంతే, మిగతాదాంట్లో ఎక్కువ గింజే. గాలి నిండా నూగు. లోపల లెన్సు మార్చే పని పెట్టుకోకండి. 35 ఎంఎం లెన్సు ఒకటి బిగించి వెళ్తే చాలు.

నాకు ఎక్కువ నచ్చింది మాత్రం మిల్లు బయటే. మిల్లులకు పోయే దారి పొడవునా కంపచెట్ల ముళ్లకు దూది చిక్కుకుని ఉంటుంది. లోడు బండ్ల నుంచి రాలిందే. పక్క నుంచి ఎండ పడ్డప్పుడు చెట్టు చెట్టంతా తెల్లగా పూసినట్టుంటుంది. ఆ వెనక మూసిన మిల్లు గోడ, తుప్పు పట్టిన గేటు, గోడ మీద ఒకదానిపై ఒకటి పూసిన ప్రకటనలు, ఏళ్ల నాటి ఎన్నికల గుర్తులు.

పాత స్పిన్నింగ్ షెడ్డుకు రంపం పళ్లలా లేచే కప్పు ఉంటే దాని అద్దాలు ఉత్తరం వైపు ఉంటాయి. నూలు మీద నేరుగా ఎండ పడకుండా రోజంతా ఒకే తీరు వెలుతురు రావాలని అలా కడతారు. మనకు దాంతో చిక్కే. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా వాలి తిరుగుతాడు కదా, బయటి నుంచి తీస్తే అద్దాలన్నీ నల్లగా వస్తాయి. మబ్బు పట్టిన రోజు దొరికితే ముందు ఆ షెడ్డుకే పరుగెత్తండి.

ఊళ్లో పాత వీధులకు ఎండ ఆలస్యంగా దిగుతుంది, తొందరపడక్కర్లేదు. బండల అరుగులు, చెక్క స్తంభాలు, సున్నంతో దిద్దిన లతలు, కట్టిన సంవత్సరం చెక్కిన పిట్టగోడలు. బోర్డుల మీద తెలుగు, ఉర్దూ, అక్కడక్కడా కన్నడం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని బళ్లారి జిల్లాలోనే ఉండేది కాబట్టి కన్నడం ఇళ్లలోనూ వినిపిస్తుంది.

ఒక ఇంటి ముందు నిలబడి ద్వారబంధం తీస్తుంటే పెద్దాయన ఒకాయన బయటికొచ్చాడు. "రోడ్డు వెడల్పు చేస్తారా సార్? మా ఇల్లు యాడిదాకా పోతాది?" అన్నాడు. పాత ఇళ్ల ముందు కెమెరా పట్టుకున్నవాణ్ణి మున్సిపాలిటీ మనిషనే అనుకుంటారు. కాదని చెప్పి తీసినవి చూపించాక సార్ కాస్తా నాయనా అయింది. "పాతిల్లు ఏం ఫొటో నాయనా, ఆ సందు చివర కొత్త బిల్డింగు ఉంది, అది తీస్కో బాగుంటాది." తీసుకున్నాను కూడా. పక్కనున్న మిద్దెతో కలిపి చూస్తే నిజంగానే బాగుంది. ఇంత టెన్షన్ ఉన్న వీధుల్లో ట్రైపాడ్ మాత్రం బయటికి తీయకండి, కొలతలు వేస్తున్నారనుకుంటారు. చిన్న కెమెరా, లేదంటే ఫోన్ చాలు.

కోట, 17వ శతాబ్దంలో సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన షాహీ జామియా మసీదు, రణమండల కొండ ఒక సాయంత్రంలో అయిపోతాయి. మసీదులో నమాజు వేళలు తప్పించి అడిగి వెళ్లండి. రణమండల ఆంజనేయస్వామి గుడి దారిలో పైకెక్కితే ఊరి మిద్దెల కప్పులన్నీ ఒక్క చూపులో దొరుకుతాయి. శనివారం జనం ఎక్కువ.

తిండికి లోటు లేదు. పొద్దున ఉగ్గాని, బజ్జి. బొరుగులు తడిపి, నీళ్లు పిండేసి, పప్పుల పొడి, నిమ్మరసం వేసి కలిపి ఇస్తారు. బండి మీద తిన్నదే హోటల్లో కన్నా బాగుంది, ధర కూడా అందులో సగం. రాత్రి జొన్నరొట్టె దొరికే చోటు ఆటో అన్నలనే అడగండి. ఆ ఆటో అన్నలే కోటకు మాత్రం కొత్తవాళ్ల దగ్గర ఎక్కువ చెబుతారు, షేర్ ఆటోలో ఎక్కి చివర కాస్త నడవడం నయం.

తిరుగు దారిలో ఎమ్మిగనూరులో సగం రోజు దిగండి. మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరు. అక్కడి నేతగాళ్ల కాలనీ ఆదోని వీధులకు పూర్తిగా భిన్నం, ఇళ్లన్నీ ఒకే వరసలో, ఒకే తీరులో ఉంటాయి. విడి ఇంటి ఫొటో కన్నా వరస మొత్తం వచ్చేలా తీస్తేనే దాని అందం తెలుస్తుంది. బస మాత్రం అక్కడ పెట్టుకోనక్కర్లేదు, కర్నూలుకు సాయంత్రం దాకా బస్సులుంటాయి. ఆదోని యార్డుకు సెలవులెప్పుడో మాత్రం బయల్దేరే ముందే కనుక్కోండి, పండగ వారంలో వెళ్తే ఖాళీ ప్లాట్‌ఫారాలు తప్ప ఏమీ ఉండవు.