ఇంటి దగ్గరే తుప్పు తీసి రంగేసిన ఓమ్నీ: ఇన్ని వానలయ్యాక ఏది నిలిచింది, ఏది పోయింది

మాది 2006 మోడల్ ఓమ్నీ. ఊరు విశాఖపట్నం, ఇల్లు సముద్రానికి కూతవేటు దూరం. ఇంతవరకు చెప్తే చాలు, ఇక్కడి టింకరింగ్ మేస్త్రీలు మిగతా కథ అడగరు. వెనక సీటు మడిచి, ప్లైవుడ్ బల్ల మీద పరుపేసి, కిటికీలకి కర్టెన్లు కట్టి దాన్నే మా క్యాంపర్ వ్యాన్ చేసుకున్నాం. 2021లో పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడింది. అమ్మేద్దామా, ఉంచుకుందామా అని ఇంట్లో కొన్నాళ్లు చర్చ నడిచింది. ఓమ్నీ తయారీ 2019లోనే ఆపేశారు. ముందు సీట్ల కింద చిన్న 796 సీసీ ఇంజిను, సందుగొందుల్లో దూరే సైజు, పక్కకి జరిగే తలుపు... అలాంటిది మళ్లీ దొరకదు. ఉంచుకుందామనే తేలింది. ఇంటి పక్క రేకుల షెడ్డులోనే తుప్పు తీసి రంగేశాను. అప్పటి నుంచి భీమిలి, అరకు, లంబసింగి తిరుగుతూనే ఉంది కాబట్టి, వాడిన ఒక్కో సరుకు గురించి ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

ముందే ఒక మాట. తుప్పుని ఆపేది రంగు కాదు. లోపలికి వెళ్లిన నీళ్లకి బయటికి దారి ఉందా లేదా అన్నదే అసలు సంగతి. ఈ సమీక్షలో రంగుకి తక్కువ చోటు ఇవ్వడానికి కారణం కూడా అదే.

బయటికి కనిపించింది తలుపు గుమ్మం దగ్గర నాలుగైదు పొక్కులు మాత్రమే. స్క్రూడ్రైవర్ పిడితో రేకు పొడుగునా తట్టుకుంటూ పోతే, బాగున్న చోట టంగుమంటుంది, పోయిన చోట మొద్దుగా మోగుతుంది. ఒక పొక్కుని మొనతో గీకితే రంగు ఊడింది, దాని కింద వేలెడు మందాన పసుపు లప్పం (గుంటలు పూడ్చే పుట్టీ), దాని కింద పూతరేకుల్లా పొరలు పొరలుగా తుప్పు. పాత ఓనరు ఎవరి దగ్గరో తుప్పు మీదే లప్పం పెట్టించి రంగు కొట్టించాడన్నమాట. పాలిస్టర్ లప్పం నీటిని పీలుస్తుంది. కాబట్టి అది తుప్పుని కప్పెట్టినట్టే ఉంటుంది కానీ, తడిని పట్టి ఉంచి ఇంకా తినేలా చేస్తుంది. లోపల రబ్బరు మ్యాటు ఎత్తితే మరో సంగతి బయటపడింది. దాని కింద పరిచిన ఫెల్టు (మందపాటి మెత్తటి బట్ట) ఎండాకాలంలో కూడా తడిగానే ఉంది.

ఆ తడి వాన వల్ల వచ్చింది కాదు. బండిలో పడుకునేవాళ్లు ఇది గమనించాలి. లంబసింగి చలిలో ఇద్దరు మనుషులు అద్దాలన్నీ బిగించుకుని పడుకుంటే, తెల్లారేసరికి రేకు లోపలి వైపంతా చెమట పట్టి ఉంటుంది. అది పక్క రేకుల మీదుగా జారి, మ్యాటు కిందకి చేరి, మళ్లీ ఆరే దారి లేక అక్కడే ఉండిపోతుంది. సముద్రం ఉప్పుగాలి బయట తింటే, మన ఊపిరి లోపల తింటుంది. ఇప్పుడు రెండు వైపులా అద్దాలు రెండు వేళ్ల సందు దించి దోమతెర కడుతున్నాం. ఫెల్టు తీసి పారేశాను. మ్యాటు అడుగున గాలి ఆడేలా ప్లాస్టిక్ జాలీ వేశాను. నేల రేకు మీద తుప్పు మళ్లీ కనిపించలేదు.

ఇక పనిముట్లు. నాలుగంగుళాల గ్రైండరుకి తీగల బ్రష్ బిగించి తుప్పు తీయడం అందరూ చేసేదే. దాంతో చిక్కేమిటంటే, గుంటల్లో ఉన్న తుప్పుని తీయదు, పైన మెరుగు పెడుతుంది. చూడ్డానికి నల్లగా నిగనిగలాడుతూ శుభ్రంగా ఉన్నట్టే ఉంటుంది. త్రీఎం వాళ్ల క్లీన్ అండ్ స్ట్రిప్ డిస్కు దీనికంటే ఎంతో నయం. రంగు, లప్పం, తుప్పు తీసేస్తుంది, మంచి రేకుని పెద్దగా కొరకదు. త్వరగా అరిగిపోతుంది, ధర కూడా ఎక్కువే. అయినా డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. కళ్లద్దాలు లేకుండా గ్రైండరు పట్టుకోవద్దని చెప్పడం పెద్దరికం అనుకోకండి.

తుప్పుని మార్చే ద్రావకాల గురించి చాలామంది అడుగుతుంటారు. ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్నది తుప్పుని ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది, టానిక్ యాసిడ్ ఉన్నది నల్లటి పొరగా మారుస్తుంది. రెంటికీ తేడా చూద్దామనే కావాలని ఎడమ గుమ్మానికి ఫాస్ఫారిక్ రకం రాశాను, కుడి గుమ్మాన్ని తెల్లటి ఇనుము కనిపించేదాకా గీకి నేరుగా ఎపాక్సీ ప్రైమర్ (రంగుకి ముందు రేకు మీద వేసే గట్టి పూత) వేశాను. కుడి వైపు ఈరోజుకీ ఒక్క పొక్కు లేదు. ఎడమ వైపు చదునుగా ఉన్న చోట బాగానే ఉంది కానీ, రెండు రేకులు కలిసే అతుకు దగ్గర గోధుమరంగు గీత మళ్లీ కనబడింది. ద్రావకం పైపొరకే పనిచేస్తుంది, అతుకు లోపల దట్టంగా పేరుకున్న తుప్పుని అందుకోదు. డిస్కు దూరని చిన్న చిన్న గుంటల్లో మాత్రం దాని ఉపయోగం ఉంది. వాడితే నీళ్లతో బాగా కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. యాసిడ్ మిగిలితే పైన వేసిన ఎపాక్సీ సరిగ్గా గట్టిపడదు, పట్టు వదిలేస్తుంది.

చిల్లులు పడిన చోట ద్రావకమూ పనికిరాదు, లప్పమూ పనికిరాదు. మా వీధి చివర మేస్త్రి గారు వంగి చూసి ఒకటే అన్నారు: "దీనికి రేకెయ్యాలి బాబూ. లప్పం పెట్టించుకున్నావంటే సంక్రాంతికి మళ్లీ నా దగ్గరికే వస్తావు." వెల్డింగ్ నేను చేసుకోలేను కాబట్టి ఆ పని ఆయనకే వదిలేశాను. కుళ్లిన భాగం కోసేసి 22 గేజ్ రేకు అతికారు. గ్యాస్ వెల్డింగ్ వద్దు, కరెంటుతో చేసే సీవోటూ వెల్డింగే కావాలని పట్టుబట్టాను. గ్యాస్ మంట వేడికి పల్చటి రేకు అలలు అలలుగా వంగుతుంది, దాన్ని సరిచేయడానికి మళ్లీ లప్పమే దిక్కవుతుంది. ఆయన కూడా ఒకేచోట కాల్చకుండా ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టుకుంటూ పోయారు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ వైరు తీయించాను. లోపలి పరుపు, కర్టెన్లు, స్టవ్వు అన్నీ ఇంట్లో పెట్టేశాను.

లప్పం విషయంలో మన పెయింటర్లతో నాకు పేచీ ఉంది. వాటర్ పేపరుతో నీళ్లు పోస్తూ లప్పం రుద్దడం మన దగ్గర మామూలు. దుమ్ము లేవదు, నునుపు బాగా వస్తుంది, నిజమే. కానీ నీటిని పీల్చే సరుకు మీద నీళ్లు పోసి, అది ఆరకుండానే పైన ప్రైమర్ వేస్తే ఆ తడి ఎక్కడికి పోతుంది? నేను ముందు ఎపాక్సీ వేసి, దాని మీద పల్చగా లప్పం పెట్టి, 80 నంబరు గరుకు కాగితంతో మొదలై 180, 320 నంబర్ల దాకా పొడిగానే రుద్దాను. మళ్లీ పైన ప్రైమర్. దుమ్ముకి ఇంట్లోవాళ్లు నాలుగు మాటలన్నారు, పడ్డాను.

రంగు స్ప్రే చేయలేదు. టూకే పెయింటు అంటే గట్టిపడటానికి హార్డెనర్ కలిపి వాడే రంగు. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. తుంపరగా పీలిస్తే ఆస్తమా తెచ్చిపెట్టగలవు. బట్ట మాస్కు, సర్జికల్ మాస్కు వాటిని ఆపవు. చుట్టుపక్కల పిల్లలుండే చోట ఆ పని చేయడం తగదు. అందుకే గ్లవ్స్ వేసుకుని, గాలికి ఎదురుగా నిలబడకుండా, నాలుగంగుళాల ఫోమ్ రోలరుతో పక్కలకి టూకే పీయూ (పాలీయురేథేన్) రంగు వేశాను. పైకప్పుకి మాత్రం, ఎవరు చూడొచ్చారులే అని, చవకైన సింథటిక్ ఎనామిల్. సంక్రాంతి దాటాక, మంచు ఆరిన తర్వాత మొదలుపెట్టి సాయంత్రం తేమ దిగకముందే ఆపేసేవాణ్ణి. కోటుకీ కోటుకీ మధ్య రుద్దాలి, చివర 1500, 2000 వాటర్ పేపరు, ఆ తర్వాత మెరుపు తెచ్చే పాలిష్ కాంపౌండు. చేతులు పడిపోతాయి. దగ్గర నుంచి చూస్తే రోలరు గరుకు ఇప్పటికీ తెలుస్తుంది, నాలుగడుగుల దూరం నుంచి తెలియదు. పీయూ ఇంకా పాలిష్ చేస్తే మెరుస్తోంది. ఎనామిల్ మెరుపు పోయి పొడి రాలుతోంది, టాప్ మీద చెయ్యి పెడితే అరచేతికి తెల్లగా అంటుకుంటోంది. అయినా రేకుని కాపాడుతూనే ఉంది కాబట్టి ఫిర్యాదు లేదు.

తెలుపుకి తెలుపే వేశాను. సగం ఆకుపచ్చ వేయమని మా బావ ఒకటే పోరు. ఆర్సీలో రంగు రాసి ఉంటుంది, మార్చితే ఆర్టీయే ఆఫీసులో ఆ మార్పు ఎక్కించుకోవాలి. రిజిస్ట్రేషన్ పొడిగింపుకి వెళ్లబోతూ లేని టెన్షన్ ఎందుకని ఒప్పుకోలేదు.

అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చింది మైనపు స్ప్రే. గుమ్మాల లోపలి బోలులోకి సన్నటి గొట్టం దూర్చి కొట్టాలి. అంతకుముందు తలుపుల కింది అంచుల్లో నీళ్లు కారే చిల్లులు వెతికి, వాటిలో గట్టిపడిన మట్టినీ పాత రంగునీ ఇనుప తీగతో పొడిచి తీశాను. ఒక తలుపులోంచి గ్లాసెడు ఎర్రనీళ్లు కారాయి. ఇప్పుడు ప్రతి ఏడూ తొలకరికి ముందు ఆ చిల్లులు పొడవడం, మైనం కొట్టడం అలవాటైంది. అడుగున తారు లాంటి కోటింగు వేయమని చాలామంది చెప్పారు, వేయలేదు. అది పగిలితే పగులులోంచి నీళ్లు దూరి లోపలే ఉండిపోతాయి, పైకి ఏమీ కనిపించదు. బీచ్‌కి వెళ్లొచ్చిన రోజు అడుగున మంచినీళ్లతో కడగడమే నాకు నమ్మకం.

పక్క తలుపు జరిగే పట్టా మీద మాత్రం ఏ రంగూ నిలవదు. చక్రాలు రుద్దుకుని వెళ్తుంటే ఎపాక్సీ అయినా ఏం చేస్తుంది? అక్కడ గ్రీజు ఒక్కటే మార్గం.

డిక్కీ తలుపు కింది అంచు మళ్లీ పొంగింది. రేకు మడత లోపలి వైపు డిస్కుకి అందదు, అక్కడ మిగిలిందే ఇప్పుడు బయటికొచ్చింది. ఈ ఎండలు ముదరకముందే తలుపు విప్పి ఆ అంచు కోయించి కొత్త రేకు వేయించాలి. మేస్త్రి గారితో మాట్లాడాను. ఒప్పుకున్నారు గానీ, రేటు ఇంకా తెగలేదు.