ఏడాది సిగ్నల్ వాడాక: దూరంగా ఉండే మొగుడూ పెళ్ళాలకి పనికొస్తుందా?

ముందే చెప్తున్నా, నేను టెక్ మనిషిని కాదు. బరంపురంలో ఉంటా, మా బావ (అంటే మా ఆయనే, మేనరికం మాది) సూరత్‌లో బట్టల మార్కెట్లో లెక్కలు రాస్తాడు. గంజాం జిల్లాలో సూరత్ వెళ్ళినోళ్ళు లేని వీధి ఎక్కడుంది, మాదేం కొత్త కథ కాదు. ఏడాదికి రెండుసార్లు పూరీ అహ్మదాబాద్ బండెక్కి వస్తాడు, మిగతా రోజులు కాపురం ఫోన్లోనే. అందులో పిల్లాడి స్కూల్ ఫీజు, అత్తయ్య బీపీ మాత్రలు పగలు మాట్లాడుకునేవి, రాత్రి పదకొండు దాటాక వేరేవి కూడా ఉంటాయి కదా, వాటికోసమే సిగ్నల్ అనే ఈ మెసేజింగ్ యాప్.

అంతకుముందు వాడిన యాప్‌తో ఏమైందంటే, ఇంట్లో నా ఫోన్ పేరుకే నాది, ఎవరికి కావాలంటే వాళ్ళు తీస్తారు. మా ఆడపడుచు కొడుకు, ఎనిమిదేళ్ళ గుంటడు, నా ఫోన్లో కార్టూన్లు చూస్తుంటే పైన బావ మెసేజ్ వచ్చి పడింది, వాడికి అప్పుడే తెలుగు చదవడం వచ్చిన సంబరం, కూడబలుక్కుని గట్టిగా చదివేసాడు, "అత్తా, మావయ్య నీకేటో రాసాడు, తెల్లచీర ఏటి?" అని. అత్తయ్య అక్కడే అప్పడాలు వత్తుతోంది, తలెత్తలేదు. వినలేదో, విని ఊరుకుందో ఇప్పటికీ తెలీదు, నేను అడగను కూడా. యాప్‌ని అనడానికి లేదు, నోటిఫికేషన్లో మేటర్ కనపడకుండా పెట్టుకోవచ్చని నాకే తెలీదు.

ఇప్పుడు సిగ్నల్ సంగతి. "ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంటుంది" (అంటే పంపినవాళ్ళూ అందుకున్నవాళ్ళూ తప్ప మధ్యలో ఎవరూ చదవలేరు) అని అందరూ మొదట అదే చెప్తారు, కానీ ఆ ఒక్కదానికోసమైతే మారక్కర్లేదు. వాట్సాప్‌లోనూ 2016 నుంచి అదే ఉంది, పైగా అందులో మెసేజ్‌కి అలా తాళం వేసే పద్ధతి (ప్రోటోకాల్) సిగ్నల్ వాళ్ళదే. టెలిగ్రామ్‌లో మాత్రం మామూలు చాట్‌కి ఉండదు, సీక్రెట్ చాట్ అని విడిగా తెరవాలి, ఇది చాలామందికి తెలీక అదే సేఫ్ అనుకుని వాడేస్తుంటారు. సిగ్నల్ వాళ్ళ దగ్గర మన సమాచారం కూడా దాదాపు ఏమీ ఉండదు, 2016లో అమెరికాలో ఒక కేసులో వివరాలిమ్మని నోటీసొస్తే అకౌంట్ ఎప్పుడు తెరిచారు, ఆఖరిసారి ఎప్పుడు కనెక్టయ్యారు, ఇవి తప్ప ఇవ్వడానికి వాళ్ళ దగ్గరే లేవు. బాగుంది. కానీ నాకు సూరత్‌కీ బరంపురానికీ మధ్యలో ఎవరు వింటారోనన్న భయం ఎప్పుడూ లేదు, మా హాల్లో ఎవరు కూచున్నారోనన్నదే భయం.

అక్కడ ఇది నిజంగా పనికొచ్చింది. నోటిఫికేషన్లో పేరూ మెసేజూ రెండూ కనపడకుండా పెట్టేసా. ఫోటో వస్తే దానంతటది గ్యాలరీలోకి పోదు, మనం సేవ్ చేస్తేనే పోతుంది. ఫోన్ డిస్‌ప్లే మార్పించడానికి ఇచ్చి, షాపువాడికి ప్యాటర్న్ కూడా గీసిచ్చి ఇంటికొచ్చేసి రాత్రంతా నిద్రపట్టని ఆడవాళ్ళకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. మెసేజులు మాయమయ్యే టైమర్ ఉంది, సెకన్ల నుంచి నాలుగు వారాల దాకా మనిష్టం, మేం ఎనిమిది గంటలు పెట్టాం. పంపినవాళ్ళకి పంపినప్పట్నుంచి, అందుకున్నవాళ్ళకి చదివినప్పట్నుంచి లెక్క. టైమర్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, మనమే పెట్టుకోవాలి, మర్చిపోకండి.

నచ్చనిదేంటంటే లాక్. ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ లాక్ పెడితే ఫోన్ ప్యాటర్నో వేలిముద్రో, దాంతోనే యాప్ కూడా తెరుచుకుంటుంది, అంటే మా గుంటడికి ఫోన్ ప్యాటర్న్ తెలిస్తే సిగ్నల్ కూడా తెలిసినట్టే! వాట్సాప్‌లో ఒక చాట్‌కి మాత్రమే లాక్ వేసి వేరే సీక్రెట్ కోడ్ పెట్టుకోవచ్చు, ఈ విషయంలో అదే మెరుగు, ఒప్పుకోవాలి. చివరికి నేను ప్యాటర్న్ మార్చేసా, ఇంట్లో రెండ్రోజులు గొడవ, "ఏటంత రహస్యం" అని. బ్యాంకు యాప్ ఉందని చెప్పా.

ఇంకోటి, అకౌంట్‌కి ఫోన్ నంబర్ కావాల్సిందే. 2024 నుంచి యూజర్‌నేమ్ వచ్చింది కాబట్టి కొత్తవాళ్ళకి నంబర్ ఇవ్వకుండా మాట్లాడొచ్చు, కానీ చేరేటప్పుడు నంబర్ తప్పదు. నంబర్‌తో మనల్ని ఎవరూ వెతక్కుండా ప్రైవసీ సెట్టింగ్‌లో "ఎవరూ వద్దు" అని పెట్టుకోవాలి, లేకపోతే మీ నంబర్ సేవ్ చేసుకున్న మరిదికీ తోటికోడలికీ మీరు చేరారని తెలిసిపోవచ్చు.

ఫోటోల గురించి ఒక ఫ్రెండ్ అడిగింది, "ఒక్కసారే కనపడేలా పంపితే సేఫే కదా" అని. ఒక్కసారే కనపడుతుంది, నిజమే. ఆ ఒక్కసారిలో పక్కన ఇంకో ఫోన్ పెట్టి ఫోటో తీస్తే ఏ యాపూ ఆపలేదు. మొహం పడకుండా, వెనక మన క్యాలెండరూ తలుపు కర్టెనూ పడకుండా చూసుకోమన్నా, అంతకంటే ముందు అవతల మనిషి ఎలాంటివాడో చూసుకోమన్నా. తను చేస్తున్నది తప్పని మాత్రం అనలేదు, పెద్దవాళ్ళు, ఇద్దరికీ ఇష్టం, మధ్యలో మనమెవరం? అలాంటి ఫోటో మన ఇష్టం లేకుండా బయటపెడితే ఐటీ చట్టం 66ఇ కింద మూడేళ్ళ దాకా జైలు ఉంది. బెదిరిస్తే డబ్బులు పంపకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, బెదిరించిన చాట్ స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోవాలి. ఇక్కడే చూడండి తిరకాసు, టైమర్ పెట్టిన చాట్ అయితే సాక్ష్యం కూడా మాయమైపోతుంది, అందుకే అనుమానం రాగానే స్క్రీన్‌షాట్లు తీసేసుకోవాలి. స్టాప్‌ఎన్‌సీఐఐ అని సైట్ ఒకటుంది, 2021 నుంచి నడుస్తోంది, ఫోటో వాళ్ళకి పంపక్కర్లేకుండా మన ఫోన్లోనే దానికో గుర్తు తయారుచేసి, ఫేస్‌బుక్ ఇన్‌స్టా లాంటివాటిలో అది ఎక్కకుండా ఆపడానికి చూస్తుంది. ఇది ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లో తెలియాలి.

రేటింగ్ అంటే 5కి 4. ఒక మార్కు లాక్‌కి తగ్గించా. బావ మాత్రం 3 అంటాడు, రాత్రి చదువుకుని పడుకుంటాడు, మర్నాడు టీ తాగుతూ మళ్ళీ చూద్దామంటే ఏముండదు. "నిన్న రాసావు చూడూ, అది మళ్ళీ రాయవే" అని పొద్దున్నే మెసేజ్. పొద్దున్న ఇడ్లీలు వేస్తూ అవన్నీ ఎవరు రాస్తారు!