ఇంట్లో కలుపుకున్న వాష్‌లు: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

వాష్ అంటే బొమ్మ మీది మడతల్లోకి, సందుల్లోకి దిగి నీడలా ఆరే పలచటి ద్రవం. మినియేచర్లకు, అంటే ఆటల్లో వాడే చిన్న బొమ్మలకు, రంగులేసే వాళ్లందరికీ సిటాడెల్ బ్రాండ్ నలుపు వాష్ న్యూల్న్ ఆయిల్, బ్రౌన్ వాష్ ఆగ్రాక్స్ ఎర్త్‌షేడ్ తెలిసే ఉంటాయి. రెండూ మంచివే. కానీ సీసాలో ఉండేది 18 మి.లీ. మాత్రమే. ఒక బోర్డ్ గేమ్ పెట్టెలోని అస్థిపంజరాలన్నిటికీ పూస్తే సీసా ఇట్టే అడుగంటుతుంది. అందుకే నలుపు, బ్రౌన్ వాష్‌లను కొన్నేళ్లుగా నేనే కలుపుకుంటున్నాను. ఆ రెండు రంగుల్లో మళ్లీ కొనాల్సిన అవసరం రాలేదు.

నేను కలిపే పద్ధతి ఇది. మ్యాట్ మీడియం (మెరుపు లేకుండా ఆరే, రంగు కలపని ఆక్రిలిక్ ద్రవం) ఒక వంతు, డిస్టిల్డ్ వాటర్ ఒక వంతు కలిపి పెద్ద సీసాలో పెట్టుకుంటాను. చిన్న డ్రాపర్ సీసాలో మూడింట రెండు వంతుల దాకా దీన్ని పోసి, ఫ్లో ఇంప్రూవర్ రెండు మూడు చుక్కలు, ఆక్రిలిక్ ఇంక్ సుమారు ముప్పై చుక్కలు వేస్తాను. లోహపు కవచాలకు నలుపు ఒక్కటే చాలు. తోలు, చెక్క, ఎముకలకైతే సెపియా (ముదురు బ్రౌన్) ఎక్కువ, నలుపు కొంచెం.

ఇందులో డబ్బు పెట్టాల్సింది మీడియం మీదే. చవకగా అవుతుందని చేతిపనులకు వాడే క్రాఫ్ట్ రంగులో నీళ్లు పోసి వాష్‌లా వాడేవాళ్లు చాలామందే ఉన్నారు. అది వాష్ కాదు, పలచబడిన రంగు. పిగ్మెంట్‌ను, అంటే రంగు పొడిని, పట్టి ఉంచేది ఆక్రిలిక్ బైండర్. మీడియంలో ఉండేది అదే. నీళ్లు ఎక్కువయ్యేకొద్దీ దాని పట్టు తగ్గిపోతుంది. ఆరేటప్పుడు పిగ్మెంట్ తడి అంచుకు చేరి, గచ్చు మీద ఎండిన టీ మరకలా వలయం కడుతుంది. మీడియం తగినంత ఉంటే రంగు సమంగా పరుచుకుని, మడతల్లోకి దిగి అక్కడే ఆరుతుంది. పైగా క్రాఫ్ట్ రంగులతో పోలిస్తే మంచి ఇంక్‌లో పిగ్మెంట్ చాలా సన్నగా ఉంటుంది. 28 మి.మీ. బొమ్మ ముఖం మీద ఆ తేడా కంటికి తెలుస్తుంది.

ఫ్లో ఇంప్రూవర్ పని నీటి తలతన్యతను తగ్గించడం. అది లేకపోతే వాష్ సందుల్లోకి దిగకుండా పైనే చుక్కలుగా నిలుస్తుంది. బదులుగా గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసినా పని నడుస్తుంది గానీ, సీసా ఊపగానే నురగ వస్తుంది. ఆ బుడగలు బొమ్మ మీదే ఆరితే మచ్చలు మిగులుతాయి. ఫ్లో ఇంప్రూవర్ ఉంది కదా అని ఎక్కువ పోయకండి, పైపొర జిగటగా ఉండిపోతుంది.

బోరు నీళ్లు మాత్రం అస్సలు వద్దు. హైదరాబాద్‌లో మా వైపు కుళాయిల మీద పేరుకునే తెల్లటి పొర చూస్తే కారణం అర్థమవుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్ ఒకటి కొంటే ఈ పనికి ఎన్నేళ్లయినా సరిపోతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. మ్యాట్ మీడియంలో మెరుపును తగ్గించే పొడి అడుగుకు దిగిపోతుంది. సరిగ్గా ఊపకపోతే వాష్ మెరుస్తూ ఆరుతుంది, సీసా చివరికి వచ్చేసరికి సందుల్లో తెల్లటి మసక కనిపిస్తుంది. లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ గుండు గానీ గాజు పూస గానీ వేసుకోండి. సైకిల్ బేరింగ్ గుండ్లు తుప్పు పట్టి రంగును పాడుచేస్తాయి. ఒకసారి కలిపిన ఛాయ మళ్లీ అచ్చంగా రాదు కాబట్టి ఒక దళం మొత్తాన్ని ఒకే సీసాతో పూర్తి చేయడం మేలు. సీసా మీద చుక్కల లెక్క రాసి పెట్టుకోండి.

ఏడాదికి ఐదారు బొమ్మలు వేసేవాళ్లకు ఇదంతా దండగ. మీడియం, ఇంక్, ఫ్లో ఇంప్రూవర్ కలిపితే రెండు రెడీమేడ్ సీసాల కన్నా ఎక్కువే అవుతుంది. సైన్యాలు, పెద్ద బోర్డ్ గేమ్ పెట్టెలు వేసేవాళ్లకే లాభం.

చర్మానికి మాత్రం సిటాడెల్ వాళ్ల రైక్‌ల్యాండ్ ఫ్లెష్‌షేడ్ వాష్ ఇప్పటికీ కొంటున్నాను. ఎరుపు, బ్రౌన్ కలిసిన ఆ వెచ్చదనం నా దగ్గరున్న ఇంక్‌లతో రాలేదు. ముఖాలకు, చేతులకే వాడితే ఒక సీసా చాలా కాలం వస్తుంది.