హాలిఫాక్స్‌లో కాంక్రీట్ డ్రైవ్‌వే వేయించుకునేవాళ్ళు ఆ 'అన్నయ్య'తో జాగ్రత్త

కెనడాలో హాలిఫాక్స్ చుట్టుపక్కల మనవాళ్ళు ఎవరైనా ఈ సీజన్‌లో కాంక్రీట్ డ్రైవ్‌వే పోయించుకోవాలనుకుంటుంటే, అడ్వాన్స్ పంపేముందు ఇది చదవండి. పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. బెడ్‌ఫర్డ్, సాక్‌విల్ వైపు మనవాళ్ళ బేస్‌మెంట్లు చాలావరకు ఆయన చేయించినవే. ఉగాదికి ముందు వరసలో కూర్చునేది ఆయనే, ఎవరింట్లో సత్యనారాయణ వ్రతమైనా భోజనాల దగ్గర కనిపించేది ఆయనే. అందరికీ అన్నయ్య.

పోయిన అక్టోబర్ చివర్లో పోయించాం, 13 వేల డాలర్లు. ఇక్కడ వీధంతా తారు వేయించుకుంటే మాకే కాంక్రీట్ కావాల్సి వచ్చింది. "తారైతే ఊరికే సీల్ చేయించుకుంటూ కూర్చోవాలి. ఇదైతే 30 ఏళ్ళు తమ్ముడూ, నీ కూతురి పెళ్ళి కార్లు దీని మీదే ఆగుతాయి" అన్నాడు. నేనూ మురిసిపోయాను. మా అమ్మాయికి ఆరేళ్ళు. పెళ్ళి దాకా ఎందుకు, మొదటి చలికాలమే దాటలేదు. ఏప్రిల్‌లో మంచు కరిగాక చూస్తే పైపొర పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తోంది. చీపురు పెట్టి ఊడిస్తే బకెట్‌కి బకెట్ సిమెంటు రజను. కారు టైర్లు ఆగే చోట కంకర పూర్తిగా తేలిపోయింది.

ఫోన్ చేస్తే ఎత్తడు. మెసేజ్ పెడితే నమస్కారం బొమ్మ వస్తుంది. చివరికి ఒక శనివారం వచ్చాడు. ఆ శనివారం గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

బూటు కాలితో ఓసారి గీరి చూసి, "ఉప్పు చల్లావు కదా" అన్నాడు. చల్లలేదన్నాను. కొత్త కాంక్రీట్ మీద మొదటి చలికాలం మంచు కరిగించే ఉప్పు వేయకూడదని నాకు ముందే తెలుసు. ఇసుకే వాడాం, సగం మిగిలిన బస్తా గరాజ్‌లో ఉంది, తీసుకెళ్ళి చూపించాను. "అయితే సిటీ వాళ్ళు రోడ్డు మీద చల్లింది నీ కారు మోసుకొచ్చి ఉంటుంది. దానికి నన్నంటే ఎలా, కారుకి చెప్పుకో" అని పెద్దగా నవ్వాడు. పక్కింటి కెనడియన్ పెద్దాయన కూడా తలెత్తి చూశాడు.

తర్వాత లోపలికొచ్చి కూర్చున్నాడు. మా ఆవిడ టీ పెట్టింది. (ఎందుకు పెట్టావని రాత్రి అడిగితే, ఇంటికొచ్చినవాళ్ళకి పెట్టకుండా ఎలా అంది. సరే.) టీ తాగుతూనే ఫైల్ తెరిచి ఒక కాగితం తీసి టేబుల్ మీద పడేశాడు. "ఇదిగో రెడీమిక్స్ ప్లాంట్ టికెట్. తేదీ, టైము, ఎన్ని క్యూబిక్ మీటర్లో అన్నీ ఉన్నాయి. రోడ్డు పక్కన గమేళాలో కలిపి పోశాననుకున్నావా?" అన్నాడు. ఆ టికెట్‌నే పోసిన రోజు లారీ డ్రైవర్ నా చేతికివ్వబోతే మధ్యలో అందుకుని, "ఇది ఆఫీసు కాగితం, నీకెందుకు" అని జేబులో పెట్టుకున్నాడు. ఇప్పుడు తనంతట తనే తీసుకొచ్చి నా ముందు పెట్టాడు. ఎందుకంటే నాకు చదవడం రాదనుకున్నాడు. అన్నిటికన్నా నాకు మండింది అదే. మోసం చేసినవాడు కనీసం సాక్ష్యమైనా దాచుకుంటాడు కదా. ఈయన దాన్నే తెచ్చి నా నోరు మూయించడానికి వాడాడు.

చదివాను. 25 ఎంపీఏ (కాంక్రీట్ బలాన్ని కొలిచే లెక్క). ఎయిర్ (లోపల పుట్టించే సన్న గాలి బుడగలు) ఉండాల్సిన చోట నాన్-ఎయిర్. కింద, సైటులో కలిపిన నీళ్ళు 60 లీటర్లు, దాని పక్కన ఈయన సంతకం. నేను ఫోన్ తీసి, సెప్టెంబర్‌లో ఆయనే వాట్సాప్‌లో పంపిన కోట్ తెరిచి పక్కన పెట్టాను. "సీ-2 మిక్స్, 32 ఎంపీఏ, ఎయిర్ ఎంట్రెయిన్డ్." ఆయన సొంత మాటలే.

ఒక్క క్షణం రెండూ చూశాడు. మొహంలో ఏమాత్రం మార్పు లేదు. "కాంక్రీట్ కాంక్రీటే తమ్ముడూ. నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, నీ లాప్‌టాప్ సంగతి నువ్వు చూసుకో. సిమెంటు గురించి నాకు చెప్పకు" అన్నాడు. మా ఆవిడ వైపు తిరిగి, "మీ ఆయనకి అనుమానం కొంచెం జాస్తి చెల్లెమ్మా. టీ మాత్రం బ్రహ్మాండం" అన్నాడు. కాగితం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. అప్పటికే ఆవిడ దాన్ని ఫోన్‌లో ఫొటో తీసేసింది. టీ పెట్టినందుకు నేను ఇంకేమీ అనను.

25 అయినా 32 అయినా తేడా ఏముందిలే అనుకునేవాళ్ళ కోసం చెప్తున్నాను. బలం ఒక్కటే కాదు, అసలు గొడవ గాలి దగ్గర. నీళ్ళు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. కాంక్రీట్ రంధ్రాల్లో ఉన్న తడి అలా ఉబ్బితే ఎటు పోవాలి? అందుకే కలిపేటప్పుడే ఒక మందు వేసి, కంటికి కనిపించనంత సన్న బుడగలు లోపలంతా పుట్టిస్తారు. ఉబ్బే నీటికి ఆ బుడగల్లో చోటు దొరుకుతుంది. కెనడా ప్రమాణం సీఎస్‌ఏ ఏ23.1లో సీ-2 క్లాస్ అంటే అదే. కనీసం 32 ఎంపీఏ, నీళ్ళు-సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు, మామూలు 20 ఎంఎం కంకరకైతే గాలి 5 నుంచి 8 శాతం ఉండాలి. మంచూ ఉప్పూ రెండూ కలిసి తగిలే చోటికే ఆ క్లాస్ పెట్టారు. అంటే నా కారు రోడ్డు మీది ఉప్పు మోసుకొస్తుందని ఆ ప్రమాణం రాసినవాళ్ళకి ముందే తెలుసు. 30 ఏళ్ళ గ్యారంటీ ఇచ్చిన మా అన్నయ్యకే తెలియలేదు.

మాకు పోసింది ఇంటి లోపల, బేస్‌మెంట్ ఫ్లోర్‌కి పోసే మిక్స్. అక్కడ మంచూ పడదు, కారూ రాదు, కాబట్టి గాలి అక్కర్లేదు. ఆ రోజు పొద్దున్నే ఆయనకి ఇంకో బేస్‌మెంట్ పని ఉందని నాకు తెలుసు. రెండు ఆర్డర్లు ఎందుకని ఒకటే చెప్పేసి ఉంటాడు. ఇది నా ఊహే, ఆయన మాత్రం కారణం చెప్పలేదు.

ఇంకోటి, మన ఊళ్ళో ఈ మాట చాలామందికి తెలియదు. మైనస్ 30 ఉండే విన్నిపెగ్ కంటే సముద్రం పక్కన ఉన్న ఈ ఊరు కాంక్రీట్‌కి తక్కువ ప్రమాదమేమీ కాదు. అక్కడ చలికాలంలో గడ్డకట్టింది చాలాకాలం అలాగే ఉంటుంది. ఇక్కడ పగలు వాన, రాత్రి గడ్డ, మర్నాడు మళ్ళీ కరుగు. ఒక్క చలికాలంలో ఎన్నిసార్లు గడ్డకట్టి కరుగుతుందో! ప్రతిసారీ పైపొర కొంచెం కొంచెం లేస్తూనే ఉంటుంది. ఉప్పు తగిలితే కాంక్రీట్ తడి ఆరదు, దాంతో ఇంకా త్వరగా పోతుంది.

చేసిన పని తీరు కూడా అంతే. మిక్స్ గట్టిగా ఉందని, మనుషులకి లాగడం కష్టమని లారీలో నీళ్ళు కలిపించాడు (ఆ 60 లీటర్లు అవే). పైకి తేలిన నీళ్ళు ఆరకముందే ఇంకాసిని నీళ్ళు చిలకరించి, ఇనుప తాపీతో అద్దంలా రుద్దించాడు. నేను పక్కన నిలబడి భలే నునుపుగా వచ్చిందని ఫొటోలు తీసి మా నాన్నకి పంపాను. ఆ నునుపే పీకల మీదికి తెచ్చింది. పైన నీళ్ళు ఎక్కువైన పొర బలహీనంగా ఉంటుంది, ముందు ఊడేది అదే. బయట వేసే కాంక్రీట్ మీద చీపురుతో గీతలు పెట్టి వదిలేయాలి, మంచులో కాలు జారకుండా ఉండటానికీ అదే మంచిది.

మా నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "నీళ్ళు పట్టారా?" అని. విశాఖలో మా ఇంటి స్లాబ్ మీద గట్లు కట్టి నీళ్ళు నిలబెట్టిన మనిషి ఆయన. ఇదే మాట అన్నయ్యని అడిగితే, "ఇక్కడ చలికి అదే గట్టిపడుతుంది, ఇండియా పద్ధతులు ఇక్కడ పెట్టకు" అన్నాడు. అబద్ధం. ఉష్ణోగ్రత 5 డిగ్రీలకి దిగుతోందంటే కాంక్రీట్‌ని వెచ్చటి దుప్పట్లతో కప్పాలి. వారం రోజులైనా తడి ఆరకుండా, చల్లబడకుండా చూసుకోవాలి. తర్వాత ఉప్పు తగిలేలోపు ఒక నెల ఆరనివ్వాలి. మాకు దుప్పటీ లేదు, తడి ఆరకుండా పైన కొట్టే మందూ కొట్టలేదు. రాత్రుళ్ళు సున్నా దగ్గరికి దిగుతుంటే అలాగే వదిలేసి వెళ్ళిపోయాడు.

ఉన్నమాట చెప్పాలి కాబట్టి చెప్తున్నాను, కింద కంకర బాగానే పరిచి గట్టిగా అణిచాడు. వాలు సరిగ్గా ఉంది, నీళ్ళు ఇంటివైపు రావు. జాయింట్లు కూడా 3 మీటర్ల లోపే కోశాడు, పగుళ్ళు పెద్దగా లేవు. అంటే పని తెలియక కాదు. తెలిసే చేశాడు.

ఇప్పుడు ఆయన ఇస్తున్న పరిష్కారం ఏమిటో తెలుసా? ఇంకో 1,200 డాలర్లిస్తే సీలర్ కొడతాడట, "నీకు కాబట్టి ఈ రేటు" అట. సీలర్ తడిని కొంత ఆపుతుంది, లోపల లేని బుడగల్ని ఎక్కడి నుంచి తెస్తుంది? పైన పల్చటి పొర వేసినా కింద ఉన్నది ఇదే కాబట్టి అదీ లేచిపోతుందని, పగలగొట్టి మళ్ళీ పోయడమే దారని ఇంకొకాయన వచ్చి చూసి చెప్పాడు. 13 వేలూ పోయి పైన పగలగొట్టే ఖర్చు. సగం డబ్బు క్యాష్‌గా ఇస్తే హెచ్‌ఎస్‌టీ (ఇక్కడి అమ్మకం పన్ను) ఉండదన్నాడు, నేను తెలివైనవాడిని కదా, ఇచ్చాను. దానికి రసీదు లేదు. వాట్సాప్ కోట్, అడ్వాన్స్ ఈ-ట్రాన్స్‌ఫర్, మా ఆవిడ తీసిన ఫొటో, ఇవి పట్టుకుని స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకి వెళ్తున్నాను. అవసరమైతే ముక్క కోయించి ల్యాబ్‌కి పంపిస్తాను, మైక్రోస్కోప్ కింద గాలి ఎంతుందో లెక్కకడతారట.

మీరు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. మిక్స్ ఏదో కాంట్రాక్ట్ కాగితం మీదే రాయించుకోండి. పోసే రోజు లారీ రాగానే, కాంక్రీట్ జారే చ్యూట్ దించకముందే టికెట్ మీరే అడిగి ఫొటో తీసుకోండి. అందులో సీ-2 అని, ఎయిర్ అని లేకపోతే లారీని వెనక్కి పంపేయండి, ఎవరేమనుకున్నా సరే. ఎయిర్ మీటర్‌తో గాలి కొలవమని అడగండి, అక్కడికక్కడే తేలిపోతుంది. అక్టోబర్ దాటితే పోయించకండి, వచ్చే మే దాకా ఆగండి.

ఈ నెలలో ఆయనకి డ్రైవ్‌వేకి అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళు ఇద్దరున్నారని విన్నాను. మీరే అయితే నాకు మెసేజ్ పెట్టండి. టికెట్ ఫొటో, కోట్ రెండూ పంపిస్తాను. ఆయన ముందు పెట్టి, నాకు పోసేది ఇందులో ఏది అని అడగండి.