జాగ్రత్త: మలేషియాలోని కుచింగ్ టూర్ ప్యాకేజీ కొనే ముందు మాకు జరిగింది చదవండి

మొన్న ఆదివారం రాత్రి తిరిగొచ్చాం. ఇంకా సూట్‌కేసులు కూడా విప్పలేదు. కోపం కాస్త తగ్గాక రాద్దామనుకున్నాను గానీ, నిన్న పొద్దున మమ్మల్ని పంపిన టూర్ ఏజెంట్ పోస్టరే మళ్లీ మా మిర్యాలగూడ షాపులవాళ్ల గ్రూపులో పడింది. బోర్నియో అడవులు, నది ఒడ్డున నగరం, నాలుగు సీట్లే మిగిలాయట. కింద ఇద్దరు అప్పుడే రేటెంత అని అడిగారు. ఆ ఇద్దరి కోసమైనా ఇప్పుడే రాయాలి.

ఎవరి గురించో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. నల్లగొండలో ఆఫీసు, పండగొస్తే ప్రతి గ్రూపులో పోస్టర్. ఫిర్యాదు వేయబోతున్నాను కాబట్టి ఇక్కడ పేరు రాయను.

మనిషికి 78 వేలు. నాయిన, అమ్మ, నా భార్య, నేను. హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్, అక్కడి నుంచి ఇంకో విమానంలో కుచింగ్. ఐదు రాత్రులు హోటల్, తిండి, బండి, అడవి, పడవ అన్నీ అందులోనే అన్నాడు. తర్వాత వీసా, ట్యాక్స్ అని మనిషికి ఇంకో 6,500 తీసుకున్నాడు. లక్ష ఫోన్‌పేలో పంపాను, అదీ కంపెనీ ఖాతాకు కాదు, అతని సొంత నంబర్‌కు. మిగతాది నగదు. రసీదు అడిగితే "మన మధ్య రసీదులెందుకన్నా" అన్నాడు. సరేలే అని వచ్చేశాను. నాది విత్తనాలు, ఎరువుల షాపు. ఇరవై ఏళ్ల నుంచి వచ్చిన ప్రతి రైతుకూ బిల్లు లేకుండా విత్తనం కొనొద్దని, ప్యాకెట్ కూడా దాచిపెట్టుకోమని చెప్తున్నాను. అదే నేను మూడు లక్షల పైచిలుకు ఒక్క కాగితం లేకుండా ఇచ్చాను. ఇది తలుచుకుంటే రాత్రి నిద్ర పట్టడం లేదు.

అసలు కుచింగ్ ఎందుకో చెప్పాలి. అది మలేషియాలో, బోర్నియో దీవి మీద ఉన్న సరావక్ రాష్ట్రానికి రాజధాని. భూమధ్యరేఖకు దగ్గర. ఏడాదికి నాలుగు వేల మిల్లీమీటర్ల వాన పడే ఊరు. మన దగ్గర ఐదారేళ్లలో పడేదంతా అక్కడ ఒక్క ఏడాదిలో పడుతుంది. అయితే మేం వెళ్లింది వాన కోసం కాదు, మా నాయిన కోసం.

నాయిన ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పాడు. నెపెంథిస్ అనే మొక్క ఉంటుంది, కూజా మొక్క అంటారు. ఆకు కొస కూజాలాగా మారి, పైన ఒక మూతతో, లోపల పడ్డ పురుగును అరిగించుకుంటుంది. నేలలో దొరకని నత్రజని అలా సంపాదించుకుంటుంది. ప్రతి ఏడాదీ గోడకు చార్టు తగిలించి ఈ పాఠం చెప్పాడు గానీ మొక్కను కళ్లతో ఒక్కసారి కూడా చూడలేదు. మన దేశంలో అది పెరిగేది మేఘాలయ వైపే. ఎప్పుడో షిల్లాంగ్ పోదామనుకున్నాడు, మా చదువులు, చెల్లెలి పెళ్లి, అలా గడిచిపోయింది. కుచింగ్ దగ్గర బాకో అనే నేషనల్ పార్క్ ఉంది, 1957 నుంచి ఉంది. అక్కడి ఇసుకరాతి నేలలో సారం ఉండదు కాబట్టి ఈ మొక్కలు బాగా పెరుగుతాయి. అలాంటి అడవిని అక్కడ కెరంగాస్ అంటారు. ఇబాన్ అనే అక్కడి జనం భాషలో దానికి వరి పండని నేల అని అర్థమట. నాయిన అది చదివి రెండు రోజులు ఇంట్లో అందరికీ చెప్పాడు. సాగర్ కాలువ కింద వరి మధ్య పుట్టి పెరిగినవాడు, వరి పండని నేలకు పోతానని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. ఆయనకు 69 ఏళ్లు. రోజూ నాలుగు కిలోమీటర్లు నడుస్తాడు, ఏ జబ్బూ లేదు. ఏజెంట్‌కు ఇదంతా ముందే చెప్పాను. "బాకో పక్కా అన్నా, పడవ కన్ఫర్మ్" అని వోచర్, అంటే బుకింగ్ కాగితం, పంపాడు.

అక్కడికి పోయాక చిన్నవి చాలా జరిగాయి. నది కనిపించే గది అన్నాడు, కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడ. రోజూ మన భోజనం అన్నాడు, ఒక్కపూట పెట్టించాడు. అమ్మ మాంసం తినదు. అక్కడ మిడిన్ అని అడవి ఆకుకూర వేపుడు చాలా రుచిగా ఉంటుంది గానీ బెలచాన్ అనే ఎండురొయ్యల ముద్ద వేస్తారు, అది వద్దని ముందే చెప్పాలి. ఇవన్నీ సర్దుకున్నాం. ఊరు మంచిది, మనుషులు ఇంకా మంచివాళ్లు. సాయంత్రం నది ఒడ్డున నడిచి, చిన్న కప్పు పడవలో అవతలి ఒడ్డుకు పోయి వచ్చాం. దానికి అయ్యింది చిల్లరే. అదే నదిని ప్యాకేజీలో రివర్ క్రూయిజ్ అని రాసి లెక్కలో కలిపాడు.

ఇక ఐదో రోజు. బాకోకు రోడ్డు దారిలో పోలేం. ఊరి నుంచి ముప్పై ఏడు కిలోమీటర్లు పోతే బాకో పల్లె, అక్కడి జెట్టీ నుంచి పడవ. సముద్రం ఆటుపోట్లను బట్టి పడవలు నడుస్తాయి. నీళ్లు వెనక్కి పోతే పడవ ఒడ్డుకు రాలేదు, అందుకే పొద్దున్నే పోయి, పడవవాడు చెప్పిన టైముకు తిరిగి రావాలి. ఇది మాకు అక్కడికి పోయాకే తెలిసింది. డ్రైవర్ ఎనిమిదికి రావాలి. నాయిన ఆరున్నరకే తయారై కింద సోఫాలో కూర్చున్నాడు. చొక్కా జేబులో ఆయన పాత భూతద్దం, కాలేజీ రోజుల నాటిది, తోలు కవరుతో. బండి తొమ్మిదిన్నర దాటాక వచ్చింది. జెట్టీకి చేరేసరికి పదిన్నర.

కౌంటర్లో ఉన్న అమ్మాయికి వోచర్ చూపించాను. రిజిస్టర్ రెండుసార్లు చూసింది, తర్వాత నా వైపు తిప్పి నన్నే చూడమంది. మా పేర్లు లేవు. ఆ అమ్మాయి పెన్నుతో వోచర్ అడుగున ఉన్న నంబర్ చూపించి "ఇది ఎవరిది?" అని ఇంగ్లీషులో అడిగింది. కుచింగ్ ఆఫీస్ అని రాసి ఉంది. నంబర్ మాత్రం ప్లస్ తొంభై ఒకటితో మొదలైంది. నా ఫోన్‌లో కొట్టి చూస్తే ఏజెంట్ పేరే వచ్చింది. పది రోజుల నుంచి ఆ కాగితం నా దగ్గరే ఉంది. ఒక్కసారి కింది దాకా చదివి ఉంటే ఇంట్లోనే తెలిసిపోయేది.

ఇప్పుడైనా పడవ దొరుకుతుందా అని అడిగాను. ఆ అమ్మాయి పడవవాళ్లతో మాట్లాడి వచ్చింది. మధ్యాహ్నానికి నీళ్లు తగ్గిపోతాయి, ఇప్పుడు పోతే దిగిన వెంటనే తిరిగి రావాలి, పెద్దవాళ్లతో వద్దు, రేపు పొద్దున రండి, పేరు రాసి పెడతాను అంది. రేపు పొద్దున మా విమానం.

అప్పుడు ఏజెంట్‌కు ఫోన్ చేశాను. అక్కడ పడవ ఇంజన్ల చప్పుడుకు ఏమీ వినపడక స్పీకర్ పెట్టాను. నాయిన నా పక్కనే నిలబడి ఉన్నాడు. నేను జరిగింది చెప్తుంటే ఏజెంట్ మధ్యలోనే అందుకుని, ఈ మాట అన్నాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా.

"ఏందన్నా పొద్దుపొద్దున్నే లొల్లి. ఆ ముసలాయనకు అడవెందుకు? రూముల పండుకోబెట్టి మీరు సిటీ తిరుగుండ్రి. ఈ వయసుల ఆకులు చూసి ఏం చేస్తడు?"

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. తర్వాత బ్లాక్ చేశాడు.

నేను నాయిన మొహం వైపు చూడలేకపోయాను. ఆయన చొక్కా జేబులోంచి భూతద్దం తీశాడు. దారిలోనే కవరు తీసి చేతికి అందేలా పెట్టుకున్నట్టున్నాడు. దాన్ని చొక్కా అంచుతో తుడిచి, కవరులో పెట్టి, గుండీ నొక్కి మళ్లీ జేబులో వేసుకున్నాడు. "పోదాం పా బిడ్డా, అమ్మకు ఎండ తగులుతుంది" అన్నాడు. అంతే. దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. జెట్టీ నుంచి ఇరవై, ముప్పై నిమిషాలు నీళ్ల మీద పోతే కనపడే అడవి ఆయనకు చూపించలేకపోయాను. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పిన మనిషిని పట్టుకుని, ఆకులు చూసి ఏం చేస్తడు అంటాడా? మూడు లక్షలు రేపు సంపాదించుకుంటాను. ఈ మాటను మాత్రం నేను మరిచిపోను.

ఇంకొకటి చెప్పాలి. సెమెంగో అనే చోట ఒరాంగుటాన్లను, అంటే తోకలేని పెద్ద కోతుల్లాంటి జంతువులను, చూడొచ్చు, ఊరికి ఇరవై కిలోమీటర్లు. 1975 నుంచి చాలా ఏళ్లు, అనాథలైన వాటిని, బోనుల్లోంచి విడిపించిన వాటిని అక్కడ అడవికి అలవాటు చేశారు. దానికీ డ్రైవర్ రాకపోతే మేమే ఫోన్‌లో గ్రాబ్ బండి (మన ఓలా లాంటిది) పిలుచుకుని పోయాం. గేటు దగ్గరే టికెట్ ఇచ్చారు. మధ్యాహ్నం మూడు గంటలకు పండ్లు పెడతారు. ఒక తల్లి, దాని పొట్టకు కరుచుకున్న పిల్ల, తాడు పట్టుకుని మెల్లగా దిగాయి. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అక్కడి గార్డు చెప్పాడు, అడవిలో పండ్లు కాసే రోజుల్లో అవి రోజుల తరబడి రావు, వస్తాయని మేం ఎవరికీ మాట ఇవ్వం అని. మన ఏజెంట్ పోస్టర్‌లో మాత్రం గ్యారంటీ అని ఎర్ర అక్షరాలు. మాకు కనిపించడం మా అదృష్టం, అతని గొప్ప కాదు.

వచ్చాక తెలుసుకున్న సంగతి వీసాది. 2023 డిసెంబరు 1 నుంచి మనవాళ్లు 30 రోజుల లోపు మలేషియా పోయి రావడానికి వీసా అక్కర్లేదు. వెళ్లే ముందు మూడు రోజుల్లో ఆన్‌లైన్‌లో ఒక అరైవల్ కార్డు నింపాలి, దానికి పైసా ఖర్చు లేదు. ఆ కార్డు నింపింది కూడా మా ఆవిడే, ఏజెంట్ లింక్ పంపి ఊరుకున్నాడు. మరి 26 వేలు దేనికి తీసుకున్నట్టు? ట్యాక్స్‌కు అంటాడేమో. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మినవాళ్లు టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను, వసూలు చేసి మన పాన్ మీద జమ చేయాలి. అతను మాలో ఒక్కరి పాన్ నంబర్ కూడా అడగలేదు.

పోవాలనుకునేవాళ్లకు నాకు తెలిసినంత చెప్తా. విమానం టికెట్, హోటల్ మీరే బుక్ చేసుకోండి. మిగతావన్నీ అక్కడ కౌంటర్లలో దొరుకుతాయి. సాగర్‌లో లాంచీ టికెట్ కొనుక్కున్నవాళ్లు బాకోలో పడవ టికెట్ కొనుక్కోగలరు. బాకోను చివరి రోజుకు పెట్టుకోవద్దు, ముందు రోజే ఆటుపోట్ల టైము కనుక్కుని తెల్లారే బయల్దేరండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వానలు ఎక్కువ, సముద్రం బాగా లేకపోతే పడవలు ఆపేస్తారు. జెట్టీ దగ్గర మొసళ్ల బోర్డులున్నాయి, పిల్లల్ని నీళ్లలోకి దింపొద్దు. కౌలాలంపూర్‌లో స్టాంపు పడినా కుచింగ్‌లో సరావక్ వాళ్లు మళ్లీ పాస్‌పోర్ట్ చూస్తారు, హోటల్ కాగితం, రిటర్న్ టికెట్ చేతిలో పెట్టుకోండి. ఏజెంట్ దగ్గరే కొంటామంటే జీఎస్టీ బిల్లు తీసుకోండి, వోచర్ మీద ఉన్న హోటల్‌కు మీరే ఫోన్ చేసి మీ పేరుందో లేదో అడగండి.

నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు నిన్న ఫిర్యాదు చెప్పాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయబోతున్నాను, ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఫోన్‌పే స్క్రీన్‌షాట్, ఆ వోచర్, వాట్సాప్ మెసేజ్‌లు అన్నీ దాచాను. ఈ మనిషి దగ్గర కొని మోసపోయినవాళ్లు సూర్యాపేట, దేవరకొండ వైపు ఇంకా ఉన్నారని విన్నాను. సిగ్గుపడి ఊరుకోకండి, మీ దగ్గర ఏ కాగితం ఉన్నా తీసుకుని రండి, కలిసి వేద్దాం. ఆ పోస్టర్ కింద రేటు అడిగిన ఇద్దరన్నలూ, అడ్వాన్స్ పంపే ముందు ఒక్కసారి నాకు ఫోన్ చేయండి.