జాలీ బాయ్ కోసం ఒక రోజు తీసిపెట్టుకోండి

అండమాన్ వెళ్తున్నామనగానే తెలిసినవాళ్లంతా చెప్పిన పేర్లు రెండే: హ్యావ్‌లాక్, నార్త్ బే. పగడాలకు పేరున్న జాలీ బాయ్ దీవి సంగతి అడిగితే మాత్రం "అబ్బో, అక్కడ అన్నీ రూల్సే, పిల్లలతో, పెద్దవాళ్లతో కష్టం" అన్నారు. మూడూ చూసొచ్చాం. పగడాల కోసం వెళ్లేవాళ్లు ఆ రూల్స్ ఉన్న చోటికే వెళ్లాలని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మేం నలుగురం: నేను, మా ఆయన, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి, అరవై ఐదేళ్ల మా అమ్మ. ఫిబ్రవరిలో చెన్నై మీదుగా విమానంలో పోర్ట్ బ్లెయిర్ చేరాం. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అయింది కానీ ఆటోవాళ్లు ఇంకా పాత పేరే అంటున్నారు. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది. రెండు రోజులకు పైనే ప్రయాణం, పైగా మనకు కావలసిన తేదీకి దొరకడం కష్టం. అమ్మతో ఆ సాహసం చేయలేదు.

మొదట నార్త్ బే వెళ్లాం. పాత ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్ల నడుమ లైట్‌హౌస్ కనిపిస్తుంది చూడండి, అదే చోటు. ఊరికి దగ్గర, సగం రోజులో తిరిగొచ్చేయొచ్చు. కానీ పడవ మీద పడవ వస్తూనే ఉంటుంది. ఇసుక రేగి నీళ్లు మసకబారాయి. అడుగున అద్దం బిగించిన పడవలోంచి చూస్తే బూడిదరంగు రాళ్లు, నాలుగు చేపలు. సమయం తక్కువున్నవాళ్లు దీన్ని వదిలేసినా ఏమీ పోదు.

హ్యావ్‌లాక్‌లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, ఎలిఫెంట్ బీచ్ దానికంటే చాలా నయం. ముఖానికి మాస్కు, నోట్లో గాలి గొట్టం పెట్టుకుని నీళ్లలో తల ముంచి పగడాలు చూడటం (స్నార్కెలింగ్) మొదటిసారి చేసేవాళ్లకు మంచి బడి అది. ఒడ్డు దగ్గర లోతు తక్కువ, అలలుండవు, గాలి నింపిన ట్యూబు పట్టుకుంటే గైడ్ లాక్కెళ్తాడు. ముక్కుతో పీల్చడం మానేసి నోటితో ఊపిరి తీసుకోవడం నేను అక్కడే నేర్చుకున్నాను. మనసు నొచ్చింది మాత్రం వేరే విషయానికి. మాతో వచ్చిన గైడ్ ఫొటో బాగా రావాలని ఒక కుర్రాణ్ణి పగడపు గుట్ట మీద నిలబెట్టాడు. పుటుక్కుమని విరిగిన చప్పుడు నీళ్లలో నాకు వినిపించింది. ఎవరూ పట్టించుకోలేదు. పక్కనే జెట్‌స్కీల హోరు.

ఇక జాలీ బాయ్. పోర్ట్ బ్లెయిర్‌కి ముప్ఫై కిలోమీటర్ల లోపు దూరంలో వండూర్ ఉంది. దాని చుట్టూ పదిహేను దీవులను కలిపి 1983లో మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కుగా ప్రకటించారు, సుమారు 281 చదరపు కిలోమీటర్లు. దీవుల్లో మనలాంటివాళ్లను వెళ్లనిచ్చేవి రెండు, అవీ వంతులవారీగా. సాధారణంగా నవంబరు నుంచి మే వరకు జాలీ బాయ్, మిగతా నెలల్లో రెడ్ స్కిన్. ఒకటి తెరిచినప్పుడు ఇంకోదానికి విశ్రాంతి. రోజుకు ఇంతమందే అని లెక్క ఉంది కాబట్టి అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. సోమవారం సెలవు. ఇది తెలియక సోమవారానికి ప్లాన్ వేసుకున్న కుటుంబం ఒకటి మా హోటల్లోనే కనిపించింది.

తెల్లవారుజామునే బయల్దేరాం. దారిలో సిప్పీఘాట్ దగ్గర రోడ్డుకు రెండు పక్కలా ఉప్పునీరు నిలిచి ఉంటుంది. ఒకప్పుడవి పొలాలు. 2004 సునామీ నాటి భూకంపానికి ఇటు నేల కుంగిపోయి సముద్రం లోపలికి వచ్చేసింది. అమ్మ ఆ నీళ్లను చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. మా తాతగారిది కోనసీమలో కౌలు సేద్యం.

వాడి పారేసే ప్లాస్టిక్ ఏదీ లోపలికి రాకూడదని వండూర్ జెట్టీలో సంచులన్నీ విప్పించారు. బిస్కెట్ ప్యాకెట్టు, నీళ్ల సీసా, చివరికి మందుల మీది కవరు కూడా బయటే. కావలసినవాళ్లకు మళ్లీ వాడే నీళ్ల సీసా ఇచ్చి డిపాజిట్ కట్టించుకుంటారు, తిరిగిస్తే డబ్బు వాపసు. దీవి మీద దుకాణం లేదు. స్టీలు క్యారేజీలో పులిహోర తీసుకెళ్లాం కాబట్టి సరిపోయింది. కాలకృత్యాలు కూడా జెట్టీలోనే ముగించుకోండి, పెద్దవాళ్లుంటే మరీను.

పడవ మడ అడవుల మధ్య నుంచి వెళ్తుంది. కోరింగ చూసిన కాకినాడవాళ్లం కదా, ఆ వేళ్లూ ఆ బురద వాసనా మాకు సొంతంలా అనిపించాయి. గంట ప్రయాణం. దీవికి జెట్టీ లేదు, పెద్ద పడవ ఒడ్డుకు పోదు. అద్దం అడుగున్న చిన్న పడవల్లోకి దిగి ఒడ్డు చేరాలి. అమ్మకు అక్కడ చెయ్యి ఆసరా కావలసి వచ్చింది.

మా గైడ్ మేం మాట్లాడుకోవడం విని, "అక్కా, మీదే ఊరు?" అన్నాడు. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ కుర్రాడు. అక్కడ మనవాళ్లు చాలామంది, ఎక్కువగా చేపల వేట మీద బతికేవాళ్లు. వీళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడట. మాస్కు అద్దం లోపల ఉమ్మి రాసి కడిగితే ఆవిరి పట్టదని చూపించాడు. తర్వాత గట్టిగా ఒకే మాట చెప్పాడు: "ఏటైనా కాళ్లు కిందకి దించకండక్కా. భయమేస్తే వెల్లకిలా తేలండి, నేను పట్టుకుంటాను."

తల నీళ్లలో పెట్టాను. ఒడ్డు నుంచి పట్టుమని ఇరవై బారలు లేదు, కింద ఒక ఊరు ఉంది. జింక కొమ్ముల్లాంటి పగడాలు, వాటి కొసలు లేత ఊదా. మెదడు ముడతల్లాంటి గుండ్రటి గుట్టలు. ఆ గుట్టలు ఏడాదికి పెరిగేది సెంటీమీటరు అటూ ఇటూ. అంటే నా నడుం ఎత్తున్న ఆ గుట్టకు మా అమ్మ కంటే వయసెక్కువ. పెద్ద ఆల్చిప్ప ఒకటి నీలాకుపచ్చ పెదవులు తెరుచుకుని ఉంది, నా నీడ పడగానే మూసుకుంది. చిలక చేప పగడాన్ని కొరుకుతుంటే కరకరమని చప్పుడు వినిపించింది. అది కొరికి మింగిందే తెల్లని ఇసుకై బయటికొస్తుంది, మనం నడిచే ఆ ఒడ్డులో దాని పాలూ ఉంది. సముద్రపు పువ్వు (సీ అనెమొనీ) అనే జీవి చేతుల మధ్య నారింజరంగు చారల చేపను మా అమ్మాయి నాకంటే ముందే కనిపెట్టి నా మణికట్టు గిల్లింది.

అన్నీ బతికే లేవు, దాచకూడదు. కొన్నిచోట్ల విరిగిన ముక్కల దిబ్బలే. పగడపు జీవి ఒంట్లో నాచు కాపురముంటుంది, ఆ రంగూ తిండీ చాలావరకు దానివే. సముద్రం వేడెక్కితే జీవి ఆ నాచును వెళ్లగొట్టి తెల్లబడిపోతుంది. అండమాన్‌లో 1998లో, 2010లో, 2016లో అలా జరిగింది. తేరుకున్నవి తేరుకున్నాయి. పాత చచ్చిన కొమ్మల మీద అరచేతంత కొత్త పగడాలు మొలిచి ఉండటం చూస్తే ప్రాణం లేచొచ్చింది. సన్‌స్క్రీన్ లేపనాల్లో కొన్ని రసాయనాలు వీటికి హాని చేస్తాయి కాబట్టి మేం నిండు చేతుల ఈత చొక్కాలు వేసుకున్నాం.

ఒడ్డున అమ్మ ఒక తెల్ల పగడపు ముక్క ఏరి కొంగులో పెట్టుకుంది, దేవుడి గూట్లో పెడదామని. గైడ్ "అమ్మగారూ, చచ్చినదైనా తీసుకెళ్లకూడదండి, వన్యప్రాణి చట్టంలో ఉంది" అన్నాడు. అమ్మ మారుమాట లేకుండా దాన్ని తీసిన చోటే పెట్టింది.

బసకు వండూర్‌లో ఒక రాత్రి ఉంటే పొద్దున్న హడావిడి తప్పుతుంది. మేం పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉన్నాం. మా హోటల్లో గదులు శుభ్రమే కానీ తెల్లవారుజామున టిఫిన్ ఇస్తామని చెప్పి ఇవ్వలేదు. క్యారేజీ పులిహోర ముందురోజు ఒక తెలుగువాళ్ల మెస్సులో కట్టించుకున్నదే. వండూర్ బీచ్‌లో మాత్రం స్నానానికి దిగకండి, మొసళ్ల హెచ్చరిక బోర్డులున్నాయి.

తిరుగు పడవలో అమ్మ మా అమ్మాయిని ఆ చేప సంగతి మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. అద్దంలోంచి తనకు నీడే కనబడిందట. ఆఖరికి నాతో, "లైఫ్ జాకెట్ వేస్తారటగా, నన్నూ దింపాల్సిందే" అంది. ఆస్తమా, గుండెజబ్బు లాంటివి లేవు, ఈత అక్కర్లేదు, పక్కన గైడ్ ఉంటాడు. అయినా అడగాలని నాకే తట్టలేదు.

రెడ్ స్కిన్ తెరిచే నెలల్లో మళ్లీ వెళ్తున్నాం. ఈసారి అమ్మకు సరిపోయే మాస్కు కాకినాడలోనే కొంటాను.