జాగ్రత్త: బాడీ పెంచిన పాత డీసీఎంలు చవకగా అమ్మకానికి వస్తున్నాయి

వరంగల్, హనుమకొండ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో పత్తి, మిర్చి సీజన్‌ను దృష్టిలో పెట్టుకొని పాత డీసీఎం (మధ్య తరహా లారీ) గానీ, పికప్ గానీ, టిప్పర్ గానీ కొనాలనుకుంటున్న వారి కోసం ఇది రాస్తున్నాను. కంపెనీ ఇచ్చిన కొలతలకు మించి బాడీ పెంచి, అదనంగా కమాన్ పట్టీలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) వేసి, పెద్ద టైర్లు బిగించిన బండ్లను మార్కెట్ ధర కంటే బాగా తగ్గించి అమ్ముతున్న వ్యాపారులు ఉన్నారు. ఫిట్‌నెస్ పరీక్ష యంత్రాల చేతికి వెళ్తోందని వారికి తెలుసు. ఆ బండి తమ చేతిలో ఉండగా పాసింగ్ (ఫిట్‌నెస్ పరీక్ష) గడువు రాకూడదన్నదే వారి తొందర.

నేను ఇలాంటి వ్యాపారి దగ్గరే ఒక డీసీఎం కొన్నాను. నర్సంపేట, మహబూబాబాద్ వైపు నుంచి ఏనుమాముల మార్కెట్‌కు లోడ్లు తోలడానికి అది సరిపోతుందనుకున్నాను. ఆర్‌సీ అడిగితే, అసలు కార్డు ఫైనాన్స్ వాళ్ల దగ్గర ఉందని చెప్పి ఫోన్‌లో ఒక వైపు ఫోటో మాత్రమే చూపించాడు. బండి ఖాళీ బరువు, బాడీ రకం వంటి వివరాలున్న రెండో వైపు, డబ్బు పూర్తిగా ముట్టిన తరువాత గానీ నా చేతికి రాలేదు. బాడీ ఎత్తు గురించి నేను నేరుగా అడిగినప్పుడు ఆయన ఇచ్చిన జవాబు ఇది: "అన్నా, ఈడ పత్తి తోలే బండ్లన్నీ గిట్లనే ఉంటయి, పాసింగ్ సంగతి నేను చూసుకుంట." పాసింగ్ రోజున రవాణా శాఖ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ టేపు పెట్టి కొలిచి, బాడీని ఆర్‌సీలో ఉన్న స్థితికి తెచ్చిన తరువాతే రమ్మని తిప్పి పంపారు. వ్యాపారి ఆ తరువాత ఫోన్ ఎత్తలేదు, ఎత్తిన ఒక్కసారి కూడా "చూసుకునే కొన్నరు కదా" అని పెట్టేశాడు. బాడీ షెడ్డులో కోతకు, వెల్డింగుకు, మళ్లీ రంగుకు అయిన ఖర్చుతో చవక అనుకున్న ధర పూర్తిగా హరించుకుపోయింది. పైగా ఫిట్‌నెస్ గడువు దాటిన ప్రతి రోజుకూ 50 రూపాయల అదనపు రుసుము పడుతుంది. మంచి సీజన్‌లో బండి షెడ్డులో నిలబడిపోయిన నష్టం దీనికి వేరు.

పత్తి, మిర్చి బస్తాలు బరువు తక్కువ, జాగా ఎక్కువ తీసుకునే సరుకు కాబట్టి బాడీ పెంచుకోవడం మన దగ్గర మామూలైపోయింది. ఆ అవసరాన్ని నేను కాదనను. కానీ మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ నిర్దేశించిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే మాటను స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే 182ఎ సెక్షన్ వచ్చింది. బండి మీ పేరు మీదికి మారిన తరువాత అధికారులు ప్రశ్నించేది మిమ్మల్నే. ఆ వెల్డింగ్ పాత యజమాని చేయించాడని నిరూపించుకునే బాధ కూడా మీదే అవుతుంది.

ఇక పరీక్షల సంగతి. బండ్లను యంత్రాలతో పరీక్షించే ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్ల నిబంధనలను కేంద్రం 2021 సెప్టెంబర్‌లో నోటిఫై చేసింది. భారీ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి, మధ్యస్థ, తేలికపాటి రవాణా వాహనాలకు 2024 జూన్ 1 నుంచి ఈ స్టేషన్లలోనే పరీక్ష తప్పనిసరి అన్నారు. స్టేషన్లు తగినన్ని లేక గడువులు పొడిగించారు. ఈ వాయిదాలనే చూపించి "అదంతా కాగితం మీదే" అని నమ్మబలికేవారి మాట వినకండి. గడువు వాయిదా పడినా నిబంధన అలాగే ఉంది, మీరు కొనే బండి చాలా ఏళ్లు మీ దగ్గరే ఉంటుంది.

యంత్రం ముందు మార్పులు చేసిన బండి ఎందుకు నిలబడదో కొంచెం వివరంగా చెప్పాలి. రోలర్ బ్రేక్ టెస్టర్ చక్రాల మీద బ్రేకు పట్టును కొలిచి, దాన్ని బండి బరువుతో పోల్చి చూస్తుంది కాబట్టి, బాడీకి చేర్చిన ఇనుము బరువు పెరిగిన కొద్దీ అదే బ్రేకు బలహీనంగా తేలుతుంది. పెద్ద టైర్లు వేస్తే చక్రం ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది గనుక స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది. సరుకు వాహనాలకు సాధారణంగా గంటకు 80 కిలోమీటర్ల దగ్గర ఆపే స్పీడ్ గవర్నర్ ఉండాలి. దాన్ని తీసేసిన బండి "మంచిగ గుంజుతది" అని చెప్పి అమ్ముతారు. మార్చిన హెడ్‌లైట్ల కాంతి ఎటు పడుతోందో, సైలెన్సర్ శబ్దం ఎంతో, పొగ ఎంతో కొలిచే పరికరాలు కూడా అక్కడ ఉంటాయి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ను ఏజెంటు ద్వారా బతిమాలుకోవచ్చన్న ఆశ యంత్రం దగ్గర పనిచేయదు.

అందుకే అడ్వాన్సు ఇచ్చే ముందు బండిని ఖాళీగా దగ్గరలోని కాంటాకు తీసుకెళ్లి తూకం వేయించండి. ఆ చీటీలోని బరువును ఆర్‌సీలోని ఖాళీ బరువుతో పోల్చితే, ఎన్ని మాటలు చెప్పినా దాచలేని నిజం అక్కడే బయటపడుతుంది. నా డీసీఎం విషయంలో తేడా కొట్టొచ్చినట్లు కనిపించింది. తూకానికి అయ్యే ఖర్చు చాయి డబ్బులకు కాస్త ఎక్కువ, అంతే. తరువాత టేపుతో వెడల్పు కొలవండి, అది 2.6 మీటర్లు దాటకూడదు. కాంటాకు రావడానికి అమ్మేవాడు వంకలు పెడితే బేరం అక్కడే వదిలేయండి.

కార్లు, జీపులు కొనేవారికి ఇదంతా సంబంధం లేదనుకోవద్దు. అద్దాలకు నల్ల ఫిల్ములు అంటించడాన్ని సుప్రీంకోర్టు 2012లోనే నిషేధించింది. ముందు భాగంలో బిగించే ఇనుప గార్డులు చట్టవిరుద్ధమని కేంద్రం 2017 డిసెంబర్‌లో రాష్ట్రాలకు రాసింది. సొంత కారుకు పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యూవల్ కోసం తనిఖీకి వెళ్లాల్సిందే, కాబట్టి పన్నెండు, పదమూడేళ్ల వయసున్న మాడిఫైడ్ జీపును మోజుపడి కొనేవారు ఆ తేదీని ముందే లెక్కవేసుకోవాలి. బయట సీఎన్‌జీ కిట్ వేయించి ఉంటే అది ఆర్‌సీలో నమోదైందో లేదో, సిలిండర్‌కు మూడేళ్లకోసారి జరగాల్సిన పరీక్ష జరిగిందో లేదో చూడండి. చెప్పకుండా చేసిన మార్పుల వల్ల క్లెయిమ్ సమయంలో బీమా కంపెనీతో పేచీ వస్తుందని వేరుగా చెప్పనక్కరలేదు.

పాత బండ్లు అమ్మే డీలర్లు రవాణా శాఖ నుంచి ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి ఉంది. అది చూపించమని అడగండి. పాత యజమాని సంతకాలు పెట్టిన ఖాళీ ఫారం 29, 30లు (పేరు మార్పిడి ఫారాలు) మాత్రమే చేతిలో పెట్టుకొని అమ్మేవాడు రేపు "నేను మధ్యవర్తిని మాత్రమే" అని తప్పించుకుంటాడు, నాకు అమ్మినవాడు కూడా అలాగే తప్పించుకున్నాడు. బండిలో ఏ మార్పులు ఉన్నాయో, ఫిట్‌నెస్ రాకపోతే ఎవరు భరిస్తారో అమ్మకపు కాగితంలో రాయించుకోండి. మాట ఇచ్చినవాడు రాతకు వెనకాడితే కారణం ఊహించవచ్చు.

ఇప్పటికే ఇలా నష్టపోయినవారు రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. వ్యాపారం కోసం కొన్న వస్తువులకు వినియోగదారుల చట్టం వర్తించదని కొందరు భయపెడతారు గానీ, స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం కొన్నవారిని అది వినియోగదారులుగానే గుర్తిస్తుంది. లాయర్ లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు, ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫిర్యాదు రుసుము కూడా లేదు. కాంటా చీటీ, షెడ్డు బిల్లులు, వ్యాపారితో జరిగిన ఫోన్ సందేశాలు పారేయకుండా తేదీల వారీగా దగ్గర పెట్టుకోండి. నేను నా ఫిర్యాదును వాటితోనే తయారు చేస్తున్నాను.